హెలికలా, స్పరా? ఆర్‌సీ కారుకి ఏ గేరు వేద్దాం

టెక్‌ఫెస్ట్ కోసం రిమోట్ కారు కడుతున్న జూనియర్లు ఈమధ్య తరచూ అడుగుతున్న ప్రశ్న: "అన్నా, మామూలు గేర్లు తీసేసి హెలికల్ గేర్లు వేస్తే స్పీడు పెరుగుతుందా?"

పెరగదు. స్పీడుని నిర్ణయించేది పళ్ల సంఖ్య, పళ్ల ఆకారం కాదు. మోటారుకి తగిలించే చిన్న గేరుని పినియన్ అంటారు. 15 పళ్ల పినియన్ 60 పళ్ల పెద్ద గేరుని తిప్పుతుంటే, మోటారు నాలుగు చుట్లు తిరిగాక పెద్దది ఒక చుట్టు తిరుగుతుంది. పళ్లు తిన్నగా ఉన్నా, వాలుగా ఉన్నా ఇదే లెక్క. మరి తేడా ఎక్కడ? పాకెట్ మనీ ఖర్చు పెట్టేముందు అది తెలుసుకుందాం.

పళ్లు ఎలా కలుస్తాయి?

తిన్నని పళ్లున్నది స్పర్ గేరు. దీని పళ్లు షాఫ్టుకి సమాంతరంగా ఉంటాయి. కాబట్టి ఒక పన్ను ఎదుటి పన్నుని తాకేటప్పుడు దాని వెడల్పంతా ఒకేసారి తగులుతుంది. మోటారు నిమిషానికి 20,000 చుట్లు తిరుగుతోంది, పినియన్‌కి 15 పళ్లు అనుకుందాం. అంటే సెకనుకి 5,000 సార్లు పన్నుకి పన్ను తగులుతోంది. ఆ దెబ్బలన్నీ కలిసి మనకి సన్నటి కూతలా వినిపిస్తాయి. చాలా మాన్యువల్ కార్లు రివర్స్‌లో వెళ్లేటప్పుడు 'కుయ్యి'మనేది కూడా ఇందుకే. వాటిలో ముందుకెళ్లే గేర్లు హెలికల్, రివర్స్ గేరు మాత్రం స్పర్.

హెలికల్ గేరులో పళ్లు ఏటవాలుగా ఉంటాయి. పన్ను ఒక చివర మొదలుపెట్టి మెల్లగా రెండో చివర దాకా తాకుతూ వెళ్తుంది. అది పూర్తిగా వదిలేలోపే పక్క పన్ను పని అందుకుంటుంది. మన సీఎస్ వాళ్ల భాషలో ఇది పైప్‌లైనింగ్. లోడుని ఒకేసారి ఎక్కువ పళ్లు పంచుకుంటాయి కాబట్టి మోత తగ్గుతుంది, అదే సైజు గేరుకి బలం కూడా పెరుగుతుంది.

మరి అందరూ హెలికలే ఎందుకు వేయరు?

వాలు పన్ను ఎదుటి గేరుని తిప్పడంతో ఆగదు, షాఫ్టు పొడవునా పక్కకి కూడా తోస్తుంది. మోటారు టార్క్ 0.2 న్యూటన్ మీటర్లు, పినియన్ వ్యాసార్థం 6 మిల్లీమీటర్లు అనుకుంటే పన్ను మీద పడే బలం 0.2 భాగించు 0.006, సుమారు 33 న్యూటన్లు. పళ్ల వాలు 20 డిగ్రీలైతే దీన్ని టాన్ 20తో, అంటే 0.364తో గుణించాలి. పక్కకి తోపు 12 న్యూటన్లు. కిలో పైచిలుకు బరువు షాఫ్టుని అటో ఇటో నెడుతున్నట్టు అన్నమాట.

మనం ఎక్కువగా వాడే 540 సైజు మోటారు షాఫ్టు 3.175 మిల్లీమీటర్లే. పినియన్‌ని పట్టి ఉంచేది ఒక్క చిన్న స్క్రూ. పైగా ఆర్‌సీ కారులో యాక్సిలరేషన్, బ్రేకు, రివర్స్ నిమిషానికి ఎన్నిసార్లో మారుతుంటాయి. మారిన ప్రతిసారీ ఆ తోపు దిశ కూడా తిరగబడుతుంది. స్క్రూ వదులైతే పినియన్ జారుతుంది, మోటారు బేరింగు త్వరగా అరుగుతుంది.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ట్రాక్‌ని బట్టి పినియన్ మార్చడం ఆర్‌సీలో రోజూ ఉండే పని. స్పర్ అయితే పిచ్ కలిసిన ఏ పినియన్ అయినా వేసి, మోటారుని కాస్త జరిపితే చాలు. హెలికల్‌లో పిచ్‌తో పాటు వాలు కోణం సరిపోవాలి, ఒకటి కుడి వాలైతే రెండోది ఎడమ వాలు అవ్వాలి. అలాంటి జత అన్ని పళ్ల సంఖ్యల్లోనూ దొరకదు.

వాలు పళ్లు నిజంగా పనికొచ్చే చోటు

డిఫరెన్షియల్. షాఫ్టుతో నడిచే ఆర్‌సీ కార్లలో డిఫ్ లోపలి పెద్ద గేరు, దాని పినియన్ స్పైరల్ కట్‌లో వస్తుంటాయి. మొదటి గేరు జత స్పీడు తగ్గించి టార్క్ పెంచాక ఆ లోడంతా వీటి మీదే పడుతుంది కాబట్టి ఇక్కడ బలం కావాలి. పక్క తోపుని కాయడానికి డబ్బా, బేరింగులు, షిమ్‌లు ఉన్నాయి. ఈ జతని మనం మాటిమాటికీ మార్చం కూడా. హెలికల్ లాభాలన్నీ ఇక్కడ అందుతాయి, ఇబ్బందులు పెద్దగా తగలవు.

'వి' ఆకారంలో పళ్లుండే హెరింగ్‌బోన్ గేరులో రెండు వైపుల తోపులూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. సిట్రోయెన్ కారు లోగోలో కనిపించేది ఆ పళ్ల ఆకారమే. ల్యాబ్‌లో 3డీ ప్రింటర్ ఉంటే ఇది చేయడం తేలికే. కానీ పినియన్ కూడా ప్రింట్ చేయాలి, పీఎల్‌ఏ సుమారు 60 డిగ్రీలకే మెత్తబడుతుంది. వేడెక్కే మోటారు షాఫ్టు మీద అది ఎంతసేపు నిలుస్తుందో మీరే ఆలోచించండి.

నా సలహా

మోటారు దగ్గర స్పర్, డిఫ్‌లో వీలైతే స్పైరల్. కొనేటప్పుడు పిచ్ చూసుకోండి. 32 పిచ్ అంటే 25.4 భాగించు 32, 0.794 మాడ్యూల్. కంటికి 0.8 మాడ్యూల్ లాగే ఉంటుంది, కానీ రెండూ కలపకూడదు. బిగించేటప్పుడు రెండు గేర్ల మధ్య సన్నని కాగితం ముక్క పెట్టి, మోటారుని దగ్గరకి నొక్కి, స్క్రూలు బిగించి, కాగితం లాగేయండి. చేత్తో కదిపితే గేరు రవ్వంత ఆడాలి. మెష్ మరీ బిగుతైనా, మరీ వదులైనా ఎంత ఖరీదైన గేరైనా పళ్లు రాలగొట్టుకుంటుంది. ముందు ఇది సరిచూసుకోండి, కొత్త గేర్ల సంగతి ఆ తర్వాత.