పెట్టెలో వస్తువెంత? వృథా ఎంత?

మొన్నామధ్య ఒక శుక్రవారం జుమా నమాజు ముగిశాక కంకిపాడులో ఒక సోదరుని ఇంటికి వెళ్ళడం జరిగింది. కాలేజీలో చేరిన కుమారుని కోసం ఆయన కంప్యూటరు విడిభాగాలు తెప్పించారు. కొన్ని విజయవాడలో దుకాణానికి వెళ్ళి కొన్నవి, కొన్ని ఇంటర్నెట్లో ఆర్డరు పెట్టినవి. అబ్బాయి, అతని స్నేహితుడు కూర్చుని అన్నీ బిగించారు. అసర్ వేళకు కంప్యూటరు పనిచేయడం మొదలుపెట్టింది. అల్‌హందులిల్లాహ్! కాని కంప్యూటరు పట్టిన చోటు కంటే అది వచ్చిన పెట్టెలు పట్టిన చోటే ఎక్కువ. వరండా అంతా అట్టపెట్టెలు, థర్మోకోల్ దిమ్మలు, ప్లాస్టిక్ సంచులు.

అరచేతిలో ఇమిడే ర్యామ్‌కు గట్టి ప్లాస్టిక్ తొడుగు, దాని వెనక రంగుల అట్ట, దానికొక పెట్టె, ఆ పెట్టెకు చెప్పుల డబ్బా కంటే పెద్దదైన మరో పెట్టె, మధ్యలో గాలి నింపిన ప్లాస్టిక్ దిండ్లు! బొటనవేలంత వైఫై పరికరం సంగతీ అంతే. పెట్టెతోబాటు ఎన్నో భాషల్లో అచ్చువేసిన కాగితం కూడా ఉంది, తెలుగు మాత్రం లేదు.

"వీటన్నిటినీ పెరట్లో వేసి అంటించేస్తాను" అన్నారు ఆ సోదరుడు. పక్క ఇంట్లో ఉబ్బసంతో బాధపడే ఒక పెద్దావిడ ఉన్నారని నాకు తెలుసు. కాస్త ఆగమన్నాను. "అగ్గిపుల్ల గీస్తే పోయేదానికి ఇంత ఆలోచన దేనికి భాయ్?" అని ఆయన నవ్వారు. ఆ ప్రశ్నకు జవాబుగానే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ధనాన్ని, వస్తువులను వృథా చేయడం గురించి దివ్యఖుర్ఆన్ రెండు పదాలు వాడింది. ఒకటి ఇస్రాఫ్, రెండవది తబ్‌జీర్. ధర్మసమ్మతమైన దానిలోనే హద్దు మీరడం ఇస్రాఫ్. తినండి, తాగండి, కాని మితిమీరవద్దని ఆరాఫ్ సూరా 31వ ఆయతులో ఆదేశించబడింది. ఖర్చు పెట్టకూడని చోట పెట్టడం తబ్‌జీర్. అలాంటివారిని షైతానుల సోదరులుగా బనీ ఇస్రాయీల్ సూరా 27వ ఆయతు పేర్కొన్నది. తబ్‌జీర్ అనే మాట అరబీలో విత్తనం వెదజల్లడాన్ని తెలిపే మూలం నుండి వచ్చింది. డెల్టాలో పుట్టిపెరిగిన మనకు దీన్ని వేరే వివరించనవసరం లేదు. దమ్ము చేసిన మడిలో చల్లిన గింజ మొలుస్తుంది, రోడ్డు మీద చల్లిన గింజ బండి చక్రాల కింద నలుగుతుంది. గింజ అదే, చేయి కూడా అదే.

అలాగని ప్యాకింగ్ అంతా దుబారాయే అనడం న్యాయం కాదు. కంప్యూటరు భాగాలకు పెద్ద శత్రువు దెబ్బ ఒక్కటే కాదు, స్థిర విద్యుత్తు కూడా. పొడి గాలిలో నడిచివచ్చి తలుపు గొళ్ళెం ముట్టుకుంటే ఒక్కోసారి వేలికి చురుక్కుమంటుంది. మనిషికి ఆ చురుకు తెలియాలంటే దాదాపు మూడు వేల వోల్టులు కావాలి. కొన్ని సున్నితమైన చిప్పులు వంద వోల్టుల లోపే పాడవుతాయి. అంటే మన వేలికి తెలియకుండానే ఒక మదర్‌బోర్డు చెడిపోవచ్చు. అందుకే దానికి వెండిరంగు సంచి తొడుగుతారు. అది అలంకారం కాదు, అవసరం. హార్డ్ డిస్కుకు చుట్టూ మెత్త కూడా అలాంటిదే. ఖర్చు చేసేటప్పుడు దుబారా చేయక, పిసినారితనమూ చూపక మధ్యేమార్గంలో నడిచేవారిని ఫుర్ఖాన్ సూరా 67వ ఆయతు మెచ్చుకుంది. నాలుగు రూపాయలు మిగలబెట్టుకుందామని హార్డ్ డిస్కును పల్చటి కవరులో పడేసి పంపే వ్యాపారి కూడా ఈ ఆయతు ముందు ఆలోచించుకోవలసినవాడే.

మరి హద్దు ఎక్కడ? వస్తువును కాపాడేది అవసరం. కొనేవాడి కంటికి పెద్దగా కనబడాలని పెట్టింది ఇస్రాఫ్.

దీనికి ఒక ఉదాహరణ చూడండి. 2018లో ఇంటెల్ సంస్థ కోర్ ఐ9-9900కె అనే ప్రాసెసర్‌ను పన్నెండు ముఖాలున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అమ్మింది. లోపలి వస్తువు అగ్గిపెట్టె కంటే చిన్నది. డబ్బా చూడముచ్చటగా ఉండేది, కాని గోడౌనులో, ఓడలో ఎంతో చోటు తినేది. 2020లో ఆ సంస్థే దాన్ని మానేసి మామూలు అట్టపెట్టెకు మారింది. తర్వాత ఆ ప్రాసెసర్ బలహీనపడిందా? లేదు.

ఈ గాలికి డబ్బు కట్టేది మనమే. చాలా కొరియర్ సంస్థలు తూకం ఒక్కటే చూడవు, పెట్టె పరిమాణమూ చూస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. 40, 30, 20 సెంటీమీటర్ల పెట్టె అయితే 4.8 కిలోల లెక్క. లోపల ఉన్నది 200 గ్రాముల వస్తువే కావచ్చు! ఆ కిరాయి ఎక్కడికీ పోదు, ధరలోనే కలుస్తుంది. ధనాన్ని వృథా చేయడం అల్లాహ్‌కు అయిష్టమైన విషయమని దైవప్రవక్త (స) తెలిపినట్లు హజ్రత్ ముగీరా బిన్ షూబా (రజి) ద్వారా బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది.

వ్యాపారంలో ఉన్న సోదరులు మరొక హదీసు కూడా గుర్తుచేసుకోవాలి. దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. పైన పొడి గింజలు, లోపల తడి. తడిసిన దాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆ వర్తకుణ్ణి మందలించారు. ఇది సహీహ్ ముస్లింలో ఉంది. పెద్ద పెట్టె అచ్చంగా ఆ తడి గింజల వంటిదని నేననడం లేదు. పెట్టె మీద వివరాలు రాసే ఉంటాయి. కాని పెట్టె సైజు చూసి వస్తువు సైజు ఊహించుకునే అమాయకుణ్ణి ఆకట్టుకోవడానికే దాన్ని పెంచితే, ఆ నీతికి ఈ నీతికి చుట్టరికం ఉందనక తప్పదు.

ఇక పెరట్లో మంట సంగతి. థర్మోకోల్‌లో అధికభాగం గాలే, మిగిలినది పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్. దాన్ని కాలిస్తే నల్లటి మసి, స్టైరీన్ వంటి హానికర వాయువులు వస్తాయి. ఆ పొగ మన ప్రహరీ దగ్గర ఆగదు. పొరుగువారి హక్కు గురించి మన మస్జిదులలో ఎన్నో ప్రసంగాలు వింటాం, ఇంటికి వచ్చి వారి కిటికీ పక్కనే అగ్గి రాజేస్తాం! కాలువలో పడేస్తే అది మునగదు, కరగదు, తూములకు అడ్డం పడుతుంది. దారిలోంచి హాని కలిగించే దాన్ని తొలగించడం ఈమాన్ శాఖల్లో ఒకటని హదీసు. కృష్ణా కాలువ కూడా ఒక దారే, పొలానికి నీరు వెళ్ళే దారి.

చట్టం చూసుకుంటుందిలే అనుకోవడానికీ వీల్లేదు. 2022 జులై 1 నుంచి దేశంలో నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ జాబితాలో అలంకరణకు వాడే థర్మోకోల్ ఉంది, వస్తువుల ప్యాకింగ్ థర్మోకోల్ లేదు. ప్లాస్టిక్ ప్యాకింగ్‌ను తిరిగి సేకరించే బాధ్యతను ఉత్పత్తిదారులపై పెడుతూ అదే ఏడాది ఫిబ్రవరిలో నియమాలు వచ్చాయి, మంచిదే. కాని మన వీధి చివర పాత సామాన్ల దుకాణంవాడు అట్ట తీసుకుంటాడు, థర్మోకోల్ ఇస్తే చేయి అడ్డం పెడతాడు. తేలిక సరుకు, బండి నిండినా తూకం రాదు.

వేరే దారి లేకపోలేదు. 2008లో హెచ్‌పీ సంస్థ అమెరికాలో ఒక ల్యాప్‌టాప్‌ను పెట్టెకు బదులు భుజానికి తగిలించుకునే సంచిలో పెట్టి అమ్మి ప్యాకింగ్‌ను 97 శాతం తగ్గించింది. 2009లో డెల్ వెదురు గుజ్జుతో చేసిన మెత్తలు వాడటం మొదలుపెట్టింది. ఇదేదో కొత్త విద్య అనుకోకండి. మన దగ్గర మామిడిపండ్లకు వరిగడ్డి పరిచి పంపేవారు. పండు నలిగేది కాదు, గడ్డి గొడ్డు తినేది.

ఇదంతా చెప్పేసరికి ఆ సోదరుడు అగ్గిపెట్టె పక్కన పెట్టారు. వారంటీకి పెట్టె కావాలేమోనని అబ్బాయికి అనుమానం వచ్చింది. దుకాణానికి ఫోన్ చేస్తే బిల్లు, వస్తువు మీది సీరియల్ నంబరు చాలునన్నారు. అన్ని సంస్థల నియమాలూ ఒకటి కావు గనుక అడగడమే మేలు. బిల్లులను, నంబర్లను ఫోటో తీసి పెట్టుకున్నారు. వెండిరంగు సంచులను మడిచి సొరుగులో దాచారు, రేపు ఏదైనా భాగం రిపేరుకు పంపాలంటే పనికొస్తాయి. అట్టలు పాత సామాన్లకు వెళ్ళాయి. మిగిలినవి థర్మోకోల్ దిమ్మలు. మానిటర్లను రిపేరుకు పంపే ఒక దుకాణదారు వాటిని తీసుకుంటానన్నాడు. మగ్రిబ్ అజాన్‌కు ముందే అబ్బాయి వాటిని తాడుతో కట్టి స్కూటరు మీద పెట్టుకుని బయలుదేరాడు. పక్కింటి పెద్దావిడ గుమ్మంలో కూర్చుని, ఇంత పెద్ద మూట ఎక్కడికిరా అని అడుగుతున్నారు.