ఇనుప మంచెకు చప్పుడు, తుప్పు లేకుండ చేయుట

పల్నాటిలో మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి ప్రాంతములు నల్లమల అడవి అంచున ఉన్నవి. అచ్చట జొన్న, మొక్కజొన్న, వేరుసెనగ పైరులను అడవిపందుల నుండి కాపాడుకొనుటకు రైతులు రాత్రులు మంచెమీద కావలి కాయవలసి వచ్చుచున్నది. కర్రమంచెకు చెద పట్టును గనుక ఇనుప గొట్టములతో, యాంగిళ్లతో మంచె చేయించుకొనువారును కలరు. ఇనుప మంచె మన్నిక గలదే గాని దానికి రెండు జబ్బులు కలవు. ఒకటి చప్పుడు, రెండవది తుప్పు. ఇనుము ఇనుమును తాకు అతుకుల వద్దనే ఈ రెండును మొదలగును.

చప్పుడు వలన నష్టమేమి?

చప్పుడైన పందులు బెదరును గదా యని కొందరందురు. గాలికి రాత్రంతయు మోగు చప్పుడునకు జంతువులు త్వరలోనే అలవాటు పడును. అంతేగాక పంది పైరులో దూరు అలికిడి కావలివానికి వినబడదు. చీకటిలో అతనికి చెవులే ఆధారము. మంచె నిశ్శబ్దముగ ఉండి, అవసరమైనప్పుడే డబ్బా మోగించిన ఫలితముండును.

ఇంతకంటె ముఖ్యమైనది ప్రాణభయము. బోల్టు వదులైనచో అతుకు కదలి కిర్రుమనును. ఆ రాపిడికి రంగు లేచిపోవును. అందులో వాననీరు నిలిచి తుప్పు పట్టి బోల్టు సన్నబడును. కావున కిర్రుమను మంచెను మరమ్మతు చేయనిదే ఎక్కరాదు.

పునాది

నల్లరేగడి భూమి వానకు ఉబ్బును, ఎండకు బీటలువారును. దానితో మంచె కాళ్లు ఒరిగి అతుకులు వదులగును. కనుక రెండు మూడు అడుగుల లోతున కాంక్రీటు దిమ్మెలలో కాళ్లు నిలుపవలెను. దిమ్మె నేలకు అరడుగు ఎత్తుగ ఉండి, నీరు జారునట్లు పైభాగము వాలుగ ఉండవలెను. గొట్టముల పైకొనలు మూసివేసి, లోపలి నీరు పోవుటకు దిమ్మెకు కొంచెము పైన చిన్న రంధ్రము ఉంచవలెను.

అతుకులు, రంగు

వేసవిలోనే ఈ పని ముగించవలెను. తీగబ్రష్షుతోను, గరుకుకాగితముతోను తుప్పును పూర్తిగ గీకి, తుడిచి, ఒక పూత రెడాక్సైడు వేసి, అది ఆరిన పిమ్మట రెండు పూతలు ఎనామిలు రంగు వేయవలెను. రెంటచింతల ఎండవంటి ఎండలో కాలుచున్న ఇనుముమీద వేసిన రంగు పొక్కును. ఉదయము మంచు ఆరిన తరువాత, ఎండ ముదరక ముందు వేయుట మేలు.

రంగు బాగుగ ఆరిన తరువాతనే, పలకలు ఇనుముపై ఆను చోట్ల పాత సైకిలు ట్యూబు ముక్కలు పరువవలెను. బోల్టులకు స్ప్రింగు వాషర్లు వేసి, మరలకు గ్రీజు పూసి బిగించవలెను. నిచ్చెన మెట్లకు ట్యూబు చుట్టినచో చప్పుడు తగ్గును, కాలు జారదు. వాడిన ఇంజను నూనె మెట్లకు పూయరాదు. గోనెపట్టా, కొబ్బరితాడు తడిని పట్టి ఉంచును గనుక వానకాలములో వానిని ఇనుముకు చుట్టి ఉంచరాదు.

రేకు కప్పునకు రబ్బరు వాషర్లు వేసి బిగించి, పైన తాటాకు కప్పినచో వాన మోత, ఎండ వేడి రెండును తగ్గును.

జాగ్రత్తలు

ఉరుము వినబడిన వెంటనే మంచె దిగి పక్కా ఇంటిలోనికి చేరవలెను. చెట్టు క్రింద నిలువరాదు. విద్యుత్తు తీగల దగ్గర మంచె నిలుపరాదు. కంచెకు లైను కరెంటు పెట్టుట మనుష్యుల ప్రాణములు తీయు నేరము.

మంచె కావలికే గాని వేటకు కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అనుమతి లేనిదే అడవిపందిని చంపరాదు. పైరు నష్టమైనచో వెంటనే అటవీ అధికారులకు తెలుపవలెను.

తొలకరికి ముందు ఒకసారి, వానలు వెనుదీసిన పిమ్మట ఒకసారి ప్రతి బోల్టును రెంచితో పరీక్షించవలెను. ప్రతి సాయంత్రము ఎక్కుటకు ముందు నాలుగు కాళ్లను చేతితో ఊపి చూడవలెను. గ్రామాధికారులు తమ ఊరి మంచెలను ఈ విధముగ తనిఖీ చేయించినచో పైరుతోపాటు కావలివాని ప్రాణమునకును రక్షణ కలుగును.