ఎక్కే నీటిలో వదలండి, దిగే నీటిలో పట్టండి: పోటు పాట్లు, చేపల కదలిక



పురుగుమందు కొట్టని చేలోకి చేపలు వాటంతటవే వస్తాయి. పరిగెలు, జెల్లలు, మట్టగిడసలు, కొరమీను... వీటికి విత్తనం కొననక్కర్లేదు. కానీ ఎప్పుడు పట్టాలి, ఎప్పుడు వదలాలి అన్నది తెలియకపోతే వచ్చిన సంపద నిలవదు. దానికి పంచాంగం నీటి మట్టమే. వీడియోలో చూపించినదాన్ని ఇక్కడ వివరంగా చెప్పుకుందాం.

పోటు, పాటు అంటే ఏంటి?

సముద్రం నీరు ఎక్కడం పోటు, దిగడం పాటు (కొందరు ఆటు అంటారు). మన తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఈ రోజు పొద్దున 6 గంటలకి పోటు వస్తే రేపు 6.50 ప్రాంతంలో వస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు పెద్దది, అష్టమి దగ్గర్లో చిన్నది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఉప్పు రాని చోటికి కూడా పోటు వస్తుంది! సముద్రం ఎక్కినప్పుడు ఏటి నీరు బయటికి పోలేక వెనక్కి తంతుంది. అంటే మంచినీళ్లే ఎక్కుతాయి, దిగుతాయి. కొల్లేరు సంగతి చూడండి. ఆ నీరు సముద్రంలోకి పోయేది ఉప్పుటేరు గుండానే. వానాకాలం నీరు బయటికి తోస్తుంది. ఎండాకాలం సరస్సు తగ్గితే అదే ఉప్పుటేరు నుంచి ఉప్పునీరు పైకి ఎక్కుతుంది.

చేప ఏం చేస్తుంది?

నీరు ఎక్కేటప్పుడు కొత్తగా తడిసిన గట్టు మీద వానపాములు, పురుగులు, గడ్డి దొరుకుతాయి. చిన్న చేప మేతకి అంచుకి వస్తుంది, పెద్ద చేప దాని వెనకే వస్తుంది. నీరు దిగేటప్పుడు అన్నీ పిల్లకాలువల్లోంచి పెద్ద కాలువకి జారతాయి. వాలుగ, కొరమీను లాంటివి ఆ కాలువ మూతి దగ్గరే కాపు కాస్తాయి. వల వేసేవాళ్లు పాటు మొదలయ్యాక మూతి దగ్గర నిలబడేది అందుకే. నీరు కదలకుండా నిలిచిన కాసేపు చేపలు పెద్దగా పడవు.

తొలకరి ఎక్కుడు

సముద్రానికి దూరంగా, తెలంగాణ చెరువుల్లో కూడా సూత్రం ఇదే. కాకపోతే అక్కడ పోటు బదులు వాన. తొలకరికి కొత్తనీరు రాగానే చేపలు ఎదురెక్కుతాయి. అవి చాలావరకు గుడ్ల చేపలు. కిలో శీలావతి కడుపులో సుమారు 2 లక్షల గుడ్లు ఉంటాయి. ఆ రోజు తూము దగ్గర బుట్ట పెట్టి ఒక్క చేపని పట్టామంటే ఆ గుడ్లన్నీ పోయినట్టే. గోదావరి పులస కూడా వరద నీటికి సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికే ఎదురీదుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర దాని దారి ఆగిపోతుంది. మన చేను గండి దగ్గర అడ్డంగా పెట్టిన వల కూడా ఒక చిన్న ఆనకట్టే కదా.

చేలో ఏం చేయాలి?

1. తొలకరి ఎక్కుడు మొదలైన మొదటి మూడు నాలుగు రోజులు తూముకి, గండికి అడ్డంగా వల గానీ మావు గానీ పెట్టకండి.

2. చేను ఒక పక్క మూడడుగుల లోతు కందకం తీయండి. నీరు తగ్గినప్పుడు చేపకి అదే ఇల్లు.

3. కోతకి ముందు నీరు ఒకేసారి తీయకండి. రెండు మూడు రోజులు నెమ్మదిగా దించితే చేపలు కందకంలోకి చేరతాయి. పట్టాల్సింది అప్పుడు. చిన్నవాటిని, కొన్ని పెద్దవాటిని వచ్చే ఏడాదికి వదిలేయండి.

4. ఎర్రటి పిల్లల గుంపు నీటి పైన కనబడితే కింద కొరమీను కాపలా ఉన్నట్టే. దాన్ని పడితే పిల్లలు మిగతా చేపల పాలవుతాయి. ఆ రోజుల్లో నీటి మట్టం మార్చకండి.

5. పోటు తగిలే కాలువ నుంచి ఎండాకాలం నీరు పెట్టేవాళ్లు ముందు అడుగునీరు తీసి రుచి చూడండి. ఉప్పునీరు బరువు కాబట్టి కిందికి చేరుతుంది, పైన తియ్యగా అనిపించి మోసం చేస్తుంది. పాటు చివర్లో ఉప్పు తక్కువ, పోటు చివర్లో ఎక్కువ.

6. కందకంలో నీరు తగ్గి, తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటే గాలి చాలట్లేదని అర్థం. కొత్తనీరు పెట్టండి. అప్పుడు జీవామృతం, పచ్చిపేడ ఆ నీటిలో కలవనివ్వకండి. అవి కుళ్లేటప్పుడు ఉన్న కాస్త గాలినీ లాగేస్తాయి.

ఒక చిన్న పని

పోటు సముద్రం దగ్గర వచ్చిన టైంకే మీ కాలువకి రాదు, పైకి వచ్చే కొద్దీ ఆలస్యమవుతుంది. కాబట్టి ఒక వెదురు కర్రకి అంగుళాల గీతలు పెట్టి కాలువలో పాతండి. 15 రోజులు పొద్దున, సాయంత్రం నీరు ఎక్కడుందో, తిథి ఏదో, ఏ చేప కనబడిందో రాసుకోండి. అమావాస్య నుంచి పౌర్ణమి వరకు రాస్తే మీ కాలువ లెక్క మీకే తెలిసిపోతుంది. చెరువు రైతులైతే తొలకరి నుంచి మొదలుపెట్టండి.

కర్ర పాతే పద్ధతి, కందకం కొలతలు వీడియోలో ఉన్నాయి. మీ ఊళ్లో చేపలు ఎప్పుడు ఎదురెక్కుతాయో కామెంట్‌లో రాయండి, మిగతా రైతులకి ఉపయోగపడుతుంది.