వైద్య యంత్రాలు: గడిచిన కాలం, రాబోయే సంవత్సరం



సంవత్సరం ముగియవచ్చినప్పుడు పత్రికలన్నీ ఒకసారి వెనుకకు, ఒకసారి ముందుకు చూస్తాయి. ఏ కొత్త యంత్రం వచ్చింది, వచ్చే ఏడాది ఏది రాబోతుంది అని రాస్తాయి. ఈ నెల ఆరోగ్య పాఠంలో మేమూ అదే చేయదలచాము. అయితే సంగారెడ్డి, పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, జిన్నారం ప్రాంతాల కర్మాగారాల్లో పనిచేసేవారికి ఈ యంత్రాలు చేసిన మేలు ఏమిటి, అవి చేయలేనిది ఏమిటి అన్నదే మా విషయం. ముందుగా మా అత్యవసర విభాగంలో జరిగిన ఒక సంగతి చెబుతాము.

ఒక సాయంత్రం ఒక యువకుణ్ణి తోటి కార్మికులు ఆటోలో తీసుకొచ్చారు. పెదవులు, గోళ్ళు నీలంగా మారి ఉన్నాయి. తలనొప్పి, కళ్ళు తిరగడం. వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెడితే 85 చూపింది. ఆక్సిజన్ పెట్టాము. పది నిమిషాలైనా ఆ అంకె కదలలేదు. ఊపిరితిత్తులు పరీక్షిస్తే బాగానే ఉన్నాయి. ఏమిటా అని మేము తికమకపడుతుండగా మా పెద్ద సిస్టరుగారు అతని పక్కన నిలబడి, "ఏం పని చేస్తవు బిడ్డా?" అని అడిగారు.

"డ్రమ్ములు దించుత సిస్టర్. పొద్దుగాల ఒకటి లీకై బట్టల మీద పడ్డది. ఆరిపోయిందని అట్లనే పని చేసిన" అన్నాడు.

ఆ మాటతో మాకు దారి దొరికింది. అనిలిన్ వంటి కొన్ని రసాయనాలు చర్మం గుండానే లోపలికి పోతాయి. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను మార్చివేసి, అది ఆక్సిజన్‌ను మోయకుండా చేస్తాయి. దీనిని మెథిమోగ్లోబినీమియా అంటారు. అప్పుడు రక్తం చాక్లెట్ రంగుకు మారుతుంది. ఈ స్థితిలో ఆక్సీమీటర్ అంకె తరచుగా 85 దగ్గరే నిలిచిపోతుంది. వెంటనే బట్టలు తీసివేసి, సబ్బు నీటితో ఒళ్ళంతా కడిగించి, మిథిలీన్ బ్లూ అనే మందును డాక్టరుగారు నరం ద్వారా ఇచ్చారు. తెల్లవారేసరికి ఆ అబ్బాయి మంచం మీద కూర్చుని టీ తాగాడు.

ఈ సంగతిని మనసులో ఉంచుకొని గడిచిన కాలాన్ని చూద్దాము.

వెనుకకు చూస్తే

1. 108 సేవ: 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఈ సేవ ప్రారంభమైంది. అంతకుముందు హైవే మీద ప్రమాదం జరిగితే లారీలోనో ట్రాలీ ఆటోలోనో రోగిని వేసుకొని రావలసి వచ్చేది. అంబులెన్సులు అంతకుముందు కూడా ఉన్నాయి. చదువు రానివారు కూడా మరచిపోలేని మూడు అంకెలు, డబ్బు అడగని బండి రావడమే కొత్త సంగతి.

2. కళ్ళె పరీక్ష: రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని 1882లో కనుగొన్నారు. ఆ తరువాత నూరేళ్ళకు పైగా మైక్రోస్కోపే మనకు ఆధారం. 2010 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్షను ఆమోదించింది. మన ప్రభుత్వ కేంద్రాలలో దీనినే సీబీనాట్ అంటారు. సుమారు రెండు గంటల్లో క్షయ ఉన్నదీ లేనిదీ, రిఫాంపిసిన్ మందు పనిచేస్తుందా లేదా కూడా చెబుతుంది. గోవాలో తయారయ్యే ట్రూనాట్ బ్యాటరీతో నడుస్తుంది గనుక కరెంటు సరిగా లేని చోటికి కూడా చేరింది.

3. పల్స్ ఆక్సీమీటర్: దీని వెనుక ఉన్న సూత్రాన్ని జపాన్ ఇంజనీరు టకువో అయోయాగి 1974లో కనిపెట్టారు. చాలాకాలం ఇది ఆపరేషన్ గదికే పరిమితం. 2020, 2021 కోవిడ్ రోజుల్లో ఇంటింటికీ వచ్చింది.

4. ఫోనులో వైద్యం: 2019 నవంబరులో మొదలైన ఈ-సంజీవని, 2020 ఏప్రిల్ నుండి ఇంట్లో ఉన్న రోగి నేరుగా డాక్టరుతో మాట్లాడే వీలు కల్పించింది. షిఫ్టు మానుకొని, కూలి పోగొట్టుకొని రాలేనివారికి ఇది గొప్ప సహాయం.

తప్పిన అంచనాలు

మేలు చేసినవి చెప్పాము గనుక, తప్పిన అంచనాలు కూడా చెప్పాలి.

2025 నాటికి మన దేశంలో క్షయను అంతం చేస్తామని 2018 మార్చిలో ఢిల్లీ సదస్సులో ప్రకటించారు. 2015లో ప్రతి లక్షమందిలో 237 మందికి కొత్తగా క్షయ సోకుతుండగా, 2024 నాటికి ఆ సంఖ్య 187కు తగ్గింది. ఇది మంచి తగ్గుదలే గాని అంతం కాదు. పరీక్ష రెండు గంటల్లో ముగుస్తుంది. దగ్గు మొదలైన మనిషి పరీక్షకు రావడానికే నెలలు పడుతుంది. ఒకే గదిలో ఆరుగురు పడుకునే చోట ఆ నెలల్లో మిగిలిన అయిదుగురికీ ప్రమాదమే.

ఇంకొక అంచనా యాంటీబయాటిక్ మందుల గురించి. 1960లలో అంటురోగాల కాలం ముగిసిందని చాలామంది వైద్యులు తలచారు. అయితే మన పటాన్‌చెరు ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుండి బయటికి వచ్చిన నీటిని పరీక్షించి, స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ ఉన్నది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే ఇది ఎక్కువ. అటువంటి నీటిలో బ్రతికి బయటపడే క్రిములు మందుకు లొంగనివి. ఔషధ కర్మాగారాల వ్యర్థజలంలో యాంటీబయాటిక్ ఎంతకు మించరాదో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది.

రాబోయే సంవత్సరంలో

మా అంచనాలు ఇవి. తప్పితే వచ్చే ఏడాది మీరే మాకు గుర్తు చేయండి.

1. ఎక్స్‌రేను కంప్యూటర్ చదవడం ఎక్కువవుతుంది. 15 ఏళ్ళు దాటినవారిలో క్షయ అనుమానాన్ని గుర్తించడానికి దీనిని వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే చెప్పింది. చేతితో మోసుకుపోగల ఎక్స్‌రే యంత్రాలు కార్మికుల బస్తీలకే వస్తాయి. అయితే రాతి పొడి, ఇసుక పొడి పీల్చేవారికి వచ్చే సిలికోసిస్ నీడ కూడా క్షయ నీడలాగే కనిపించవచ్చు. పైగా సిలికోసిస్ ఉన్నవారికి క్షయ ముప్పు ఎక్కువ. కనుక కంప్యూటర్ చెప్పినదే తుది మాట కాదు.

2. మందులకు లొంగని క్షయకు ఆరు నెలల చికిత్స మరింత మందికి అందుతుంది. బీపాల్‌ఎం అనే ఈ చికిత్సను మన ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ఆమోదించింది. పాత పద్ధతిలో చాలామంది ఏడాదిన్నర దాటి మందులు మింగవలసి వచ్చేది.

3. 14 అంకెల ఆభా ఆరోగ్య నంబరు వాడకం పెరుగుతుంది. ఒడిశా, బీహార్ నుండి వచ్చి ఊళ్ళు మారే కార్మికులకు పాత రిపోర్టులు దొరకడానికి ఇది ఉపయోగం.

4. జ్వరం వస్తే ముందు ఫోనునే అడిగేవారు ఎక్కువవుతారు. సలహా వినండి గాని, ఫోను చెప్పిందని మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొనుక్కోవద్దు.

యంత్రం అడగని ప్రశ్న

ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని 1700లో పనివారి జబ్బుల గురించి ఒక పుస్తకం ప్రచురించారు. రోగిని అడగవలసిన ప్రశ్నలకు ఆయన ఇంకొకటి చేర్చారు: "నీవు చేసే పని ఏమిటి?" మూడు వందల ఏళ్ళు దాటినా ఆ ప్రశ్న పాతబడలేదు. మా ఓపీ చీటీలో పేరు, వయస్సు, ఊరు ఉన్నాయి. పని రాసే గడి చాలాకాలం లేదు. అది మా లోపమే. ఇప్పుడు చేర్చాము.

2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక కర్మాగారంలో పేలుడు జరిగి 40 మందికి పైగా కార్మికులు మరణించారు. గుర్తుపట్టలేని శరీరాలను డీఎన్‌ఏ పరీక్షతో వారి కుటుంబాలకు అప్పగించారు. చనిపోయినవాడు ఎవరో చెప్పగల యంత్రం మనకు ఉన్నది. బ్రతికి ఉండగా అతడు ఏ పొడి మధ్య, ఏ వాయువు మధ్య పని చేస్తున్నాడో మనం నోరు తెరిచి అడగవలసిందే.

జ్ఞాపకముంచుకోండి

• ఆసుపత్రికి వస్తే మీ పని, వాడే రసాయనం పేరు ముందే చెప్పండి. డ్రమ్ము మీది లేబుల్‌ను ఫోనులో ఫోటో తీసుకొని రండి.
• ఒంటి మీద రసాయనం పడితే బట్టలు వెంటనే తీసివేసి నీళ్ళతో బాగా కడగండి. ఆరేదాకా ఆగవద్దు.
• చలికాలంలో మూసిన గదిలో బొగ్గుల కుంపటి, జనరేటరు పెట్టవద్దు. కార్బన్ మోనాక్సైడ్ తగిలినవారికి ఆక్సీమీటర్ 98 చూపవచ్చు గాని ప్రాణం ప్రమాదంలో ఉంటుంది. ఒకే గదిలో అందరికీ తలనొప్పి, వాంతి వస్తే బయటికి వచ్చి 108కి ఫోన్ చేయండి.
• రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్ళె పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వ కేంద్రంలో పరీక్ష, మందులు ఉచితం. చికిత్స కాలంలో పోషకాహారానికి నెలకు 1000 రూపాయలు కూడా ఇస్తారు.

ఆలోచించండి

1. మీ ఇంట్లో పనికి వెళ్ళేవారు ఏ పదార్థంతో పని చేస్తున్నారో మీకు తెలుసా?
2. మీ బస్తీలో దగ్గుతూ పనికి వెళుతున్నవారు ఎవరు? వారిని పరీక్షకు ఎవరు తీసుకొస్తారు?

ఈ రెండవ ప్రశ్నకు ఒక పేరు తోస్తే, ఈ ఆదివారమే వెళ్ళి పలకరించండి. మేము ఇక్కడ ఎదురు చూస్తుంటాము.