నమ్మిన బంటు: ఆల్‌ఫ్రెడ్ పెన్నీవర్త్ పాత్ర పరిణామం

ఉపోద్ఘాతం

వీరగాథలలో వీరునికి దక్కే స్థానం అతని సేవకునికి దక్కడం అరుదు. ఆయుధం సిద్ధం చేసినవాడు, గాయం కడిగినవాడు, తెల్లవారేదాకా దీపం ఆర్పకుండా ఎదురుచూసినవాడు సాధారణంగా కథ అంచులలోనే మిగిలిపోతాడు. అయితే అమెరికా దేశపు చిత్రకథలలో అంచున పుట్టి, ఎనిమిది దశాబ్దాలలో కథకు గుండెకాయగా మారిన సేవకుడొకడు ఉన్నాడు. అతడే బ్యాట్‌మన్ ఇంటి బట్లరు ఆల్‌ఫ్రెడ్. ఆ పాత్ర ఎట్లా పుట్టింది, ఎందుకు మారింది, ఆ మార్పుతోపాటు 'విశ్వాసం' అనే మాటకు అర్థం ఎట్లా మారింది అనే మూడు విషయాలను ఈ వ్యాసంలో పరిశీలించదలచాము.

బట్లరు అనే మాట తెలుగువారికి కొత్తది కాదు. మద్రాసు రాజధానిలో దొరల ఇండ్లలో పనిపాటలు చూచేవారిని ఆ పేరుతోనే పిలిచేవారు. వారి నోట వినిపించిన అరకొర ఇంగ్లీషుకు 'బట్లరు ఇంగ్లీషు' అనే పేరు పడి, నేటికీ నిలిచి ఉంది. ఆ పేరులో కొంత ఎగతాళి కలదు. చిత్రమేమంటే ఆల్‌ఫ్రెడ్ కథ కూడా ఎగతాళితోనే మొదలయింది.

హాస్యపాత్రగా జననం

బాబ్ కేన్, బిల్ ఫింగర్ అనే ఇద్దరి కల్పన అయిన బ్యాట్‌మన్ 1939 మే నెల 'డిటెక్టివ్ కామిక్స్' 27వ సంచికలో తొలిసారి కనిపించాడు. బ్రూస్ వేన్ అనే ధనికుడు చిన్ననాడు తన కళ్ళ ఎదుటే తల్లిదండ్రులు హత్యకు గురికాగా, పెద్దవాడై, రాత్రులలో ముసుగు ధరించి దుష్టులను వేటాడతాడు. ఇదీ కథాసారం. 1940లో రాబిన్ అనే బాలుడు అతనికి తోడైనాడు. ఆల్‌ఫ్రెడ్ అప్పటికింకా లేడు.

అతని రాక 1943 ఏప్రిల్-మే 'బ్యాట్‌మన్' 16వ సంచికలో జరిగింది. ఆ కథ వ్రాసినది డాన్ కామెరాన్. నాటి ఆల్‌ఫ్రెడ్ లావుపాటివాడు, మీసం లేనివాడు, నాటకరంగం నుండి వచ్చినవాడు. వేన్ కుటుంబాన్ని కొలిచిన తన తండ్రి జార్విస్ చివరి కోరికను మన్నించి, పిలవకుండానే వచ్చి కొలువులో చేరాడు. తనను గొప్ప పరిశోధకునిగా ఊహించుకొని తడబడుతూ నవ్వు పుట్టించడమే అతని పని. యజమాని రహస్యాన్ని కూడా తెలివితో కాక, అనుకోకుండానే కనుగొన్నాడు.

అదే 1943లో కొలంబియా సంస్థ 15 భాగాల బ్యాట్‌మన్ ధారావాహిక చిత్రాన్ని విడుదల చేసింది. అందులో ఆల్‌ఫ్రెడ్ వేషం వేసిన విలియం ఆస్టిన్ సన్నగా ఉండేవాడు, మీసం కలవాడు. తెరమీది రూపానికి సరిపడేటట్లు చిత్రకథ తన బట్లరును మార్చుకున్నది. 1944 జనవరి సంచికలో ఆల్‌ఫ్రెడ్ ఆరోగ్యశాలకు వెళ్ళి, ఒళ్ళు తగ్గించుకొని, మీసం పెంచుకొని తిరిగివచ్చాడు. నేడు లోకమెరిగిన రూపం ఆనాటిదే.

పేరు కోసం నిరీక్షణ

ఇంటిపేరు విషయం మరింత గమనింపదగినది. 1945లో ఒక కథ అతనికి 'బీగిల్' అనే ఇంటిపేరు పెట్టింది. బీగిల్ అంటే వాసన పట్టి వేటాడే ఒక జాతి కుక్క. పరిశోధకుడనని భ్రమపడే సేవకునికి తగిన వెక్కిరింత అని రచయితలు తలచి ఉండవచ్చును. 'పెన్నీవర్త్' అనే స్థిరమైన ఇంటిపేరు 1969 నవంబరు 'బ్యాట్‌మన్' 216వ సంచికలో, అతని సోదరుని కుమార్తె డాఫ్నీ కథ సందర్భంగా లభించింది. అనగా పుట్టిన 26 సంవత్సరాలకు! తనవారంటూ ఒక కుటుంబం కనిపించినప్పుడే సేవకునికి ఇంటిపేరు అవసరమైనదన్నమాట. ఆ వచ్చిన పేరుకు కూడా 'ఒక పెన్నీకి దొరికేటంత' అనే అర్థం ఉండడం కాకతాళీయమో, చమత్కారమో పాఠకులే నిర్ణయించుకోవలె.

మరణం, పునర్జన్మ

1964లో సంపాదకత్వం చేపట్టిన జూలియస్ ష్వార్ట్జ్ పాత్రలను సంస్కరించ సంకల్పించాడు. ఆ ఏడు జూన్ నెల 'డిటెక్టివ్ కామిక్స్' 328వ సంచికలో పడుతున్న బండరాతి నుండి బ్యాట్‌మన్‌ను, రాబిన్‌ను కాపాడుతూ ఆల్‌ఫ్రెడ్ ప్రాణం విడిచాడు. ఇంటి బాధ్యతకు రాబిన్ బంధువు హారియట్ వచ్చింది. బ్రూస్ వేన్ తన బంటు జ్ఞాపకార్థం ఆల్‌ఫ్రెడ్ పేరిట ఒక ధర్మసంస్థను స్థాపించాడు.

అయితే 1966 జనవరిలో ఏబీసీ టెలివిజన్‌లో మొదలైన బ్యాట్‌మన్ ధారావాహికలో ఆలన్ నేపియర్ ఆల్‌ఫ్రెడ్‌గా నటించాడు. తెరమీద బ్రతికి ఉన్నవాడు పుస్తకంలో చనిపోయి ఉండడం కుదరదు. అందువలన అదే ఏడు అక్టోబరు సంచికలో అతనిని బ్రతికించారు. ఒక శాస్త్రజ్ఞుడు ప్రాణం పోయగా, మతి చెడి, 'అవుట్‌సైడర్' అనే పేరుతో యజమానినే చంపజూచిన శత్రువు ఆల్‌ఫ్రెడేనని ఆ కథ చెప్పింది. అతడు కోలుకున్నాడు. కాని అతడు తిరిగివచ్చిన తరువాత ఆ ధర్మసంస్థ పేరు 'వేన్ ఫౌండేషన్'గా మారిపోయింది. చనిపోయినప్పుడు సేవకునికి దక్కిన పేరు, బ్రతికి రాగానే యజమానికి చేరింది. ఆనాటి రచయితలకు ఇది కథ సర్దుబాటు మాత్రమే. మాకు మాత్రం ఈ చిన్న సంగతిలో ఒక పెద్ద సామాజిక సత్యం కనిపిస్తున్నది.

సేవకుడు తండ్రి అయిన వైనం

1985-86లో ప్రచురణకర్తలైన డీసీ సంస్థ తన వీరుల పూర్వగాథలను కొత్తగా వ్రాయించ పూనుకున్నది. 1987లో ఫ్రాంక్ మిల్లర్ రచించిన 'బ్యాట్‌మన్: ఇయర్ వన్' ఆ మార్పులో ముఖ్యమైనది. పాత కథలో ఆల్‌ఫ్రెడ్ వచ్చేనాటికి బ్రూస్ ఎదిగిన వీరుడు. కొత్త గాథలలో ఆల్‌ఫ్రెడ్ మొదటినుండీ ఆ ఇంటిలోనే ఉన్నాడు. తల్లిదండ్రులను కోల్పోయిన పసివానిని పెంచి పెద్దచేసినవాడు అతడే.

'ఇయర్ వన్'లో ఒక ఘట్టం ఈ మార్పునంతటినీ ఇముడ్చుకున్నది. తొలి ప్రయత్నంలో విఫలుడై, నెత్తురోడుతూ బ్రూస్ తండ్రి గదిలో కూర్చుంటాడు. చేతికందే దూరంలో నౌకరును పిలిచే గంట ఉన్నది. అది మ్రోగిస్తే ఆల్‌ఫ్రెడ్ వస్తాడు, యుద్ధరంగ వైద్యం తెలిసినవాడు గనుక నెత్తురు ఆపుతాడు. మ్రోగించకపోతే మరణమే. కాఫీ తెమ్మనడానికి వాడే గంట అక్కడ ప్రాణాన్ని పిలిచే గంట అయినది. యజమాని ఎవరు, ఆధారపడినవాడు ఎవరు అనే ప్రశ్న అక్కడ తలక్రిందులవుతుంది.

తండ్రి అయినవాడు ఇక తలవంచి ఊరకుండడు. 1993లో బేన్ అనే శత్రువు బ్యాట్‌మన్ వెన్ను విరిచిన తరువాత, మానని దేహంతోనే బ్రూస్ మరల ప్రమాదాలకు సిద్ధపడగా, ఆల్‌ఫ్రెడ్ సహించలేక కొలువు విడిచి వెళ్ళిపోయాడు. మొదటి రాబిన్ అయిన డిక్ గ్రేసన్ అతనిని వెదకి వెళ్ళిన కథ 1995లో వెలువడింది. 2012 నాటి చలనచిత్రంలో మైకేల్ కేన్ ధరించిన ఆల్‌ఫ్రెడ్ కూడా ఇదేవిధంగా, నీ చావును కళ్ళారా చూడలేనని ఇల్లు వదలుతాడు. 1943 నాటి ఆల్‌ఫ్రెడ్‌కు ఈ సాహసం ఊహకైనా అందదు.

మైకేల్ గఫ్ 1989 నుండి 1997 వరకు నాలుగు చిత్రాలలో, ఆండీ సెర్కిస్ 2022లో ఈ పాత్రను పోషించారు. 2019లో బట్లరు యౌవనమే ఇతివృత్తంగా 'పెన్నీవర్త్' అనే టెలివిజన్ ధారావాహిక ప్రారంభమైనది.

రెండవ మరణం

2019లో టామ్ కింగ్ రచించిన 'బ్యాట్‌మన్' 77వ సంచికలో బేన్ చేతిలో ఆల్‌ఫ్రెడ్ మరణించాడు. 2021లో టామ్ టేలర్ రచనలో అతని వీలునామా బయటపడింది. అతడు కూడబెట్టిన అపారధనం డిక్ గ్రేసన్‌కు చెందింది. డిక్ ఆ ధనాన్ని పేదల కొరకు వినియోగించ నిశ్చయించి 'ఆల్‌ఫ్రెడ్ పెన్నీవర్త్ ఫౌండేషన్' నెలకొల్పాడు. 1966లో చెరిగిపోయిన పేరు, 55 ఏళ్ళకు ఇంటిపేరుతో సహా తిరిగి వ్రాయబడినది.

2024లో స్కాట్ స్నైడర్ ఆరంభించిన 'అబ్సొల్యూట్ బ్యాట్‌మన్' మరొక అడుగు వేసింది. అందులో బ్రూస్ ధనవంతుడు కాడు, ఒక ఉపాధ్యాయుని కుమారుడు. ఆల్‌ఫ్రెడ్ బట్లరూ కాడు, బ్రిటిష్ గూఢచారి. సంపద తొలగగానే సేవకత్వమూ తొలగింది. అయినా వారిద్దరి నడుమ కథ మాత్రం మిగిలింది.

ఉపసంహారం

ఒక పాత్ర ఒక్క రచయిత సొత్తు కానప్పుడు దానిని మార్చే శక్తులు మూడని ఈ చరిత్ర చెబుతున్నది. తెరమీది రూపం ఒకటి, సంపాదకుని నిర్ణయం రెండవది, మారుతున్న కాలపు విలువలు మూడవది. మొదటి రెండూ మీసాన్ని, చావుబ్రతుకులను నిర్ణయించాయి. మూడవదే అతనికి మనసును ఇచ్చింది.

విశ్వాసాన్ని మన పెద్దలు ఉప్పు తిన్న ఋణంగా చెప్పారు. ఉర్దూలో దానినే నమక్ హలాలీ అంటారు. తొలినాటి ఆల్‌ఫ్రెడ్ విశ్వాసం అటువంటిదే. అయితే ఉర్దూ భాషలోనే ఖిద్మత్ వేరు, గులామీ వేరు. చెప్పినది చేయడం గులామీలోనూ ఉంటుంది. తప్పును తప్పని ముఖాన చెప్పడం, అవసరమైతే విడిచి వెళ్ళడం, పిలిస్తే తిరిగి రావడం ఖిద్మత్‌లో మాత్రమే ఉంటాయి. ఆల్‌ఫ్రెడ్ పాత్ర మొదటిదాని నుండి రెండవదానికి నడిచి వచ్చిందని మా అభిప్రాయం.

ఒక కల్పిత సేవకునికి స్థిరమైన ఇంటిపేరు రావడానికి 26 సంవత్సరాలు పట్టింది. మన కళాశాలలో గంట కొట్టే అటెండరు, వసతిగృహంలో వేకువనే పొయ్యి వెలిగించే వంటమనిషి, రాత్రి కాపలా కాచే వాచ్‌మన్ కల్పితులు కారు. వారి పూర్తి పేర్లు మనలో ఎందరికి తెలుసునో విద్యార్థి మిత్రులు ఒక్కసారి ఆలోచించవలెనని, మేము కూడా ఆలోచించవలసి ఉన్నదని మనవి చేస్తూ ముగిస్తున్నాము.