గరిటె నేర్పిన పాఠం: మిశ్రమలోహాల్లో వేడి ప్రయాణం

ఎమ్మెస్సీ ఫిజిక్స్ వైవాలో మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. "ఉష్ణవాహకత ఇనుముకు 80, క్రోమియంకు 94, నికెల్‌కు 91. ఈ మూడూ కలిసిన స్టెయిన్‌లెస్ స్టీలుకు ఎంత ఉంటుంది?" మేము వెంటనే పాళ్ళ ప్రకారం సగటు కట్టి "సుమారు 83 సార్" అన్నాం. అసలు విలువ 15 దగ్గర. ఆ రోజు తల దించుకుని బయటికి వచ్చాం. ఇంటికెళ్ళి అడుగుదామంటే మా ఇంట్లో మాకంటే ముందు డిగ్రీ చదివినవాళ్ళు లేరు.

తరువాత తెలిసింది, జవాబు మన హాస్టల్ వంటగదిలోనే ఉందని. వడ్డన డ్యూటీలో అల్యూమినియం గరిటెను వేడి సాంబారులో వదిలేస్తే కాసేపటికే పిడి చుర్రుమనేది. స్టీలు గరిటె మాత్రం చాలాసేపు పట్టుకోనిచ్చేది. ఏళ్ళ తరబడి పట్టుకున్నాం గాని, ఎందుకని ఒక్కనాడూ అడగలేదు. తమ్ముళ్ళు మాలాగా చిక్కుకోకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. (అంకెలన్నీ గది ఉష్ణోగ్రత వద్ద, వాట్/మీటర్-కెల్విన్‌లలో.)

వేడిని మోసేదెవరు?

లోహంలో వేడిని ఇద్దరు మోస్తారు. ఒకరు స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు. రెండోది జాలక కంపనాలు. స్ఫటికంలో పరమాణువులు స్ప్రింగులతో కట్టిన బంతుల్లాంటివి. ఒకటి ఊగితే పక్కది ఊగుతుంది, ఆ ఊపు అలగా సాగుతుంది. ఈ కంపన శక్తి పొట్లాలనే ఫోనాన్లు అంటారు. స్ఫటికాల్లో ఇవి వేడిని ఎలా మోస్తాయో 1929లో పైయర్ల్స్ వివరించాడు.

రాగికి ఉష్ణవాహకత 400. అందులో ఫోనాన్ల వాటా నూటికి కొద్ది వంతులే. అలాగని ఫోనాన్లు బలహీనం కావు. స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు లేని వజ్రం కేవలం ఫోనాన్లతోనే 2000 దాటుతుంది.

కలిపితే ఏమవుతుంది?

ట్యాంకు దగ్గర వరుసగా నిలబడి బకెట్లు చేతులు మార్చుకోవడం మనకు అలవాటే. అందరూ ఒకే ఎత్తు, ఒకే బలం అయితే బకెట్ సాఫీగా సాగుతుంది. మూడో తరగతి పిల్లవాడి పక్కన ఇంటర్ అన్న, ఆ పక్కన మళ్ళీ చిన్నవాడు ఉంటే నీళ్ళు ఒలుకుతాయి. మిశ్రమలోహంలోనూ పరమాణువుల బరువులు, వాటి మధ్య బంధాల బలాలు చోటుచోటుకూ మారితే ఫోనాన్లు చెదిరిపోతాయి. దీన్నే పరిక్షేపణం అంటారు. పెద్ద అలలు తప్పించుకుంటాయి, చిన్న అలలు దెబ్బతింటాయి. పరమాణువుల మధ్య దూరం కంటే బాగా పెద్దవైన అలలకు ఈ పరిక్షేపణం పౌనఃపున్యం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. ఆకాశాన్ని నీలంగా చూపించే సూత్రమూ ఇదే.

ఐదు లోహాల మిశ్రమం

2004లో బ్రిటన్‌లో కాంటర్ బృందం, తైవాన్‌లో యే బృందం విడివిడిగా ఒక కొత్త దారి చూపాయి. ఒక లోహంలో మరొకటి కొంచెం కలపడం కాక, ఐదు లేక అంతకుమించి మూలకాలను దాదాపు సమపాళ్ళలో కలపడం. వీటిని హై ఎంట్రోపీ మిశ్రమలోహాలు అంటారు. కాంటర్ మిశ్రమంలో క్రోమియం, మాంగనీస్, ఇనుము, కోబాల్ట్, నికెల్ ఉంటాయి. వీటి ఉష్ణవాహకతల సగటు 75. మిశ్రమానికి ఉన్నది 13 ప్రాంతంలో!

ఇందులో ఎవరి వాటా ఎంత? 1853 నాటి వీడ్‌మన్–ఫ్రాంజ్ నియమంతో లెక్క కడదాం.

ఎలక్ట్రాన్ల వాటా = 2.44 × 10⁻⁸ × ఉష్ణోగ్రత ÷ విశిష్ట నిరోధం

ఈ మిశ్రమం విశిష్ట నిరోధం సుమారు 10⁻⁶ ఓమ్-మీటర్. ఉష్ణోగ్రత 300 కెల్విన్. జవాబు 7.3. మిగిలిన ఐదారు ఫోనాన్లది. అంటే దాదాపు సగం! క్రమం లేని జాలకంలో ఎలక్ట్రాన్లు ఫోనాన్లకంటే ఎక్కువ దెబ్బతిన్నాయి. అందుకే రాగిలో వెనకబడిన ఫోనాన్లు ఇక్కడ సమానంగా బరువు మోస్తున్నాయి.

ఒక సంగతి గమనించండి. ఈ ఐదింటి పరమాణు భారాలు 52 నుంచి 59 లోపే. కాబట్టి బరువు తేడా ఒక్కటే కారణం కాదు, బంధాల తేడా కూడా చూడాలి.

వేడెక్కిస్తే రాగి ఉష్ణవాహకత కొద్దిగా తగ్గుతుంది, ఈ మిశ్రమానిది పెరుగుతుంది. దీని నిరోధం వేడితో పెద్దగా మారదు. కాబట్టి పై సూత్రంలో ఉష్ణోగ్రతతో పాటు ఎలక్ట్రాన్ల వాటా పెరుగుతుంది.

దీనివల్ల ఉపయోగం?

వేడి తక్కువగా సాగడం కూడా అవసరమే. సిలికాన్ ఉష్ణవాహకత 148, జెర్మేనియంది 60. రెండూ తగిన పాళ్ళలో కలిపితే 10 కంటే తక్కువ. 1977లో వెళ్ళిన వాయేజర్ నౌకల్లో వేడి నుంచి కరెంటు తీసేది ఈ మిశ్రమమే. ఒక కొస వేడిగా, రెండో కొస చల్లగా నిలిస్తేనే కరెంటు పుడుతుంది మరి.

మీరే చేసి చూడండి

ఒకే పొడవు, ఒకే మందం ఉన్న అల్యూమినియం, స్టీలు చెంచాలు తీసుకోండి. పిడి మీద కొవ్వొత్తి మైనంతో ఒక్కో శనగగింజ అంటించి, రెండింటినీ మరిగే నీళ్ళ గిన్నెలో నిలబెట్టండి. ఏ గింజ ముందు పడుతుందో రాసుకోండి.

"లోహాల్లో వేడిని ఎలక్ట్రాన్లే మోస్తాయి" అని బట్టీపట్టి మేము మార్కులు తెచ్చుకున్నాం. ఆ వాక్యం రాగికి సరిపోయింది, కాంటర్ మిశ్రమానికి సగమే సరిపోయింది. వైవాలో మేము చెప్పలేకపోయింది ఆ మిగతా సగమే. మీరు మాత్రం గరిటె పట్టుకున్నప్పుడే ఎందుకని అడగండి.

– పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ (ఫిజిక్స్)