టెర్మక్స్ ప్యాకేజీని మీరే అప్‌డేట్ చేసి పంపడం ఎలా? మార్చేది రెండు లైన్లే, చూసుకోవాల్సింది మాత్రం చాలా ఉంది

మీ ఫోన్‌లో టెర్మక్స్ ఉంటే పైథాన్, గిట్, ఎఫ్ఎఫ్ఎంపెగ్ లాంటివి ఒక్క కమాండ్‌తో ఇన్‌స్టాల్ చేసుకునే ఉంటారు. వాటిని తయారుచేసే స్క్రిప్టులన్నీ గిట్‌హబ్‌లో టెర్మక్స్ ప్యాకేజెస్ రిపోజిటరీలో ఉన్నాయి. అందులో ఎవరైనా మార్పులు చేసి పంపొచ్చు. మీరు వాడే టూల్ పాత వెర్షన్ దగ్గరే ఆగిపోతే, ఎవరో అప్‌డేట్ చేసేదాకా ఎదురుచూడక్కర్లేదు.

ప్రతి ప్యాకేజీకీ ఒక ఫోల్డర్, అందులో ఒక బిల్డ్ స్క్రిప్ట్ ఉంటుంది. ఓపెన్ చేసి చూడండి, భయపడేంత కోడ్ ఏమీ ఉండదు. హోమ్‌పేజీ, లైసెన్స్, వెర్షన్, సోర్స్ కోడ్ లింక్, ఎస్‌హెచ్‌ఏ256 చెక్‌సమ్, కావాల్సిన లైబ్రరీల పేర్లు, చిన్న ప్యాకేజీ అయితే దాదాపు ఇంతే. పక్కన కొన్ని ప్యాచ్ ఫైల్స్ కూడా ఉండొచ్చు. మామూలు లినక్స్‌లో ఉండే టెంప్, బిన్ లాంటి ఫోల్డర్లు టెర్మక్స్‌లో ఆ చోట ఉండవు, అన్నీ యాప్ సొంత డేటా ఫోల్డర్ లోపలే ఉంటాయి. అందుకే ప్రోగ్రామ్‌లో రాసేసి ఉన్న పాత్‌లని ప్యాచ్‌తో మార్చాలి.

మొదటిసారే కొత్త ప్యాకేజీ జోడించాలని చూడకండి. వెర్షన్ అప్‌డేట్‌తో మొదలుపెట్టండి. కొన్ని ప్యాకేజీలకి ఆటో అప్‌డేట్ ఆన్ చేసి ఉంటుంది, వాటిని బాట్ చూసుకుంటుంది. అది లేనివి, లేదా బాట్ బిల్డ్ ఫెయిల్ అయి ఆగిపోయినవి మన వంతు. ఆ ప్యాకేజీకి అప్పటికే ఎవరైనా పుల్ రిక్వెస్ట్ పంపారేమో ముందు వెతకండి.

రిపోజిటరీని ఫోర్క్ చేసి, కొత్త బ్రాంచ్‌లో వెర్షన్ నంబర్ మార్చండి. రివిజన్ లైన్ ఉంటే తీసేయండి. వెర్షన్ మారకుండా మళ్లీ బిల్డ్ చేయాల్సినప్పుడే దాని అవసరం.

ఇక చెక్‌సమ్. ఇక్కడే చాలామంది షార్ట్‌కట్ వాడతారు. పాత చెక్‌సమ్ అలాగే ఉంచి బిల్డ్ రన్ చేస్తే ఎర్రర్ వస్తుంది, ఆ ఎర్రర్‌లో కనిపించిన కొత్త విలువని కాపీ చేసి పేస్ట్ చేస్తారు. బిల్డ్ పాస్ అవుతుంది. కానీ మీరు చెక్ చేసింది ఏముంది? డౌన్‌లోడ్ అయిన ఫైల్ డౌన్‌లోడ్ అయిన ఫైలే అని మాత్రమే తేలింది! ఒరిజినల్ ప్రాజెక్ట్ వాళ్లు చెక్‌సమ్ గానీ సంతకం గానీ ఇచ్చి ఉంటే దానితో పోల్చండి.

అది సరిపోయినా పని అయిపోలేదు. 2024 మార్చి 29న బయటపడ్డ ఎక్స్‌జెడ్ బ్యాక్‌డోర్ గుర్తుందా? 5.6.0, 5.6.1 వెర్షన్లలో దాన్ని పెట్టింది ప్రాజెక్ట్‌లో నమ్మకం సంపాదించి మెయింటైనర్ అయిన వ్యక్తే. కాబట్టి చెక్‌సమ్ చూసినా అది పక్కాగా సరిపోతుంది. పైగా బ్యాక్‌డోర్‌ని బిల్డ్‌లోకి ఎక్కించే ముక్క గిట్ కోడ్‌లో లేదు, రిలీజ్ టార్‌బాల్‌లో మాత్రమే ఉంది. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేంటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ తవ్వి చూడబట్టి దొరికింది. అందుకే పాత, కొత్త టార్‌బాల్స్ మధ్య తేడా ఒకసారి చూడండి, ముఖ్యంగా బిల్డ్‌కి సంబంధించిన ఫైల్స్. మొత్తం చదవడం ఎవరి వల్లా కాదు, అది నిజమే. అయినా ఒక్క చూపు కూడా వేయకుండా పంపడం వేరు.

ఇప్పుడు బిల్డ్. లినక్స్ ఉన్న పీసీలో డాకర్‌తో చేయడం తేలిక. వచ్చిన డెబ్ ఫైల్‌ని ఫోన్‌లోకి కాపీ చేసి, ఇన్‌స్టాల్ చేసి, నిజంగా వాడి చూడండి. వెర్షన్ నంబర్ ప్రింట్ అయిందని ఆపేయొద్దు.

మీరు మార్చింది లైబ్రరీ అయితే ఇంకో తలనొప్పి ఉంది. కొత్త వెర్షన్‌లో లైబ్రరీ ఫైల్ పేరులోని నంబర్ మారితే, దానిమీద ఆధారపడ్డ ప్రోగ్రాములన్నీ అప్‌గ్రేడ్ చేసిన వాళ్ల ఫోన్లలో “క్యానాట్ లింక్ ఎగ్జిక్యూటబుల్” అంటూ ఆగిపోతాయి. ఆ ప్రోగ్రాములకి రివిజన్ పెంచి, అదే పుల్ రిక్వెస్ట్‌లో మళ్లీ బిల్డ్ అయ్యేలా చూడాలి. కొత్తవాళ్లు లైబ్రరీల జోలికి కొన్నాళ్లు వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

కమిట్ మెసేజ్‌కి ఒక పద్ధతి ఉంది: బంప్ అనే మాట, బ్రాకెట్లో మెయిన్ స్లాష్ ప్యాకేజీ పేరు, కోలన్, కొత్త వెర్షన్. పుల్ రిక్వెస్ట్ పెట్టాక ఆర్మ్ 64 బిట్, 32 బిట్‌తో పాటు రెండు ఎక్స్86 రకాలకీ బిల్డ్ నడుస్తుంది. మీ ఫోన్‌లో పనిచేసిందే 32 బిట్ దగ్గర ఫెయిల్ అవ్వొచ్చు, లాగ్ చివరి లైన్ కాకుండా మొదటి ఎర్రర్ ఎక్కడుందో వెతకండి. మెయింటైనర్ ఏదైనా మార్చమంటే అదే బ్రాంచ్‌లో పుష్ చేయండి, కొత్త పుల్ రిక్వెస్ట్ వద్దు. మెర్జ్ అయ్యాక ప్యాకేజీ మళ్లీ బిల్డ్ అయి సర్వర్‌కి, అక్కడి నుంచి మిర్రర్లకి చేరుతుంది. కాస్త ఆగి మీ ఫోన్‌లో అప్‌గ్రేడ్ కొట్టి చూసుకోండి.